చారుపొడి వాసన, క్వీన్స్ బులెవార్డ్ డెలీ

మొన్న మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న మా ఆవిడ చారుపొడికి ధనియాలు, మిరియాలు వేయిస్తోంది. నేను హాల్లో పేపరు ముందేసుకుని కూర్చున్నాను. ధనియాలు ఎర్రబడ్డాయి, మిరియాలు చిటపటమన్నాయి, ఆఖర్న పొట్టుతోనే నాలుగు వెల్లుల్లి రెబ్బలు పడ్డాయి. ఆ వాసన వంటింటి గడప దాటి వచ్చేసరికి ఎవరికైనా వాళ్ళ నాయనమ్మ వంటిల్లు గుర్తు రావాలి. (మా నాయనమ్మ వెల్లుల్లిని అసలు ఇంట్లోకే రానిచ్చేది కాదు, అది వేరే సంగతి.) నాకు మాత్రం న్యూయార్క్ గుర్తొస్తుంది. క్వీన్స్‌లో, రీగో పార్క్ సబ్‌వే మెట్లెక్కి పైకొచ్చి నాలుగడుగులు వేస్తే ఉండే యూదుల డెలీ, అంటే మాంసం, శాండ్‌విచ్‌లు అమ్మే తిండికొట్టు, గుర్తొస్తుంది.

నవ్వకండి. పాస్ట్రామీ అని వాళ్ళకో మాంసం వంటకం ఉంది. గొడ్డుమాంసాన్ని రోజుల తరబడి ఉప్పునీళ్ళలో నానబెట్టి, దానికి కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, మిరియాలు, వెల్లుల్లి దట్టంగా పట్టించి, పొగ పెట్టి, చివర్లో గంటల కొద్దీ ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆవిరి కొట్టు తలుపు తెరిచినప్పుడల్లా ఫుట్‌పాత్ మీదకి వచ్చేది. చలికాలం రాత్రి ఏడింటికి, ముక్కు గడ్డకట్టి, R రైలు దిగి వస్తున్నవాడి మొహాన ఆ వాసన కొడితే ఎలా ఉంటుందో చెప్పలేను. పరాయి దేశంలో ఎవరో చారు కాచి నాకోసం ఎదురు చూస్తున్నట్టుండేది.

మా ఇంట్లో మాంసం ముట్టం. ఆరేళ్ళ పాటు ఆ కొట్టుకి వెళ్ళాను. పాస్ట్రామీ ఒక్కసారి కూడా నోట పెట్టలేదు.

*

నేను వెళ్ళింది 1998లో, వై2కె పుణ్యమా అని. 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పు చదివి ఆగిపోతాయన్న భయం అది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వస్తే చాలు, విమానం ఎక్కించేవాళ్ళు. నలుగురం కుర్రాళ్ళం ఒకటే బెడ్‌రూమ్ ఉన్న ఫ్లాట్‌లో దిగాం. రీగో పార్క్ అంటే ఏదో స్పానిష్ పేరనుకున్నాను. కాదట, 1920లలో అక్కడ ఇళ్ళు కట్టిన కంపెనీ పేరు 'రియల్ గుడ్'. అందులో 'రీ', 'గో' తీసి ఊరికి పెట్టేశారు. మన రియల్ ఎస్టేట్ వాళ్ళు ఇంకా నయం, దేవుళ్ళ పేర్లన్నా పెడతారు.

మొదటిసారి ఆ కొట్లోకి వెళ్ళింది చలి తట్టుకోలేక. అద్దాల కిటికీలో ఎర్ర నియాన్ దీపంతో హీబ్రూ అక్షరాలు, కింద 'కోషర్' అని ఇంగ్లీషులో, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం చేసినదని. లోపల కొక్కేలకి వరసగా సలామీలు, మాంసం కూరిన పొడవాటి గొట్టాల్లాంటివి, వేలాడుతున్నాయి. ఎడమ వైపు పొడవాటి కౌంటర్, కుడి వైపు పదో పన్నెండో బల్లలు. గల్లా దగ్గర ఒక ముసలాయన, తెల్ల ఏప్రన్, చెవి మీద పెన్సిలు. నేను లోపల అడుగు పెట్టానో లేదో కౌంటర్ వెనక నుంచి ఎవరో "పిస్టల్!" అని గట్టిగా అరిచారు.

న్యూయార్క్ గురించి అప్పటికే చాలా విని ఉన్నాను కదా. రెండు చేతులూ పైకెత్తలేదు గానీ, ఎత్తినంత పని చేశాను. ముసలాయన నన్ను చూసి, సంగతి అర్థమై, గల్లా పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. 'పిస్టల్' అంటే రై బ్రెడ్‌లో పాస్ట్రామీ. ఆ కొట్ల పాత పరిభాష.

ఆ రోజు నేను అడిగింది కాఫీ. పాలు పొయ్యమన్నాను. "పాలు లేవు" అన్నాడు. అయిపోయాయనుకున్నాను. "అయిపోవడం కాదబ్బాయ్, ఈ కొట్టు తెరిచినప్పటి నుంచీ లేవు" అన్నాడు. మాంసం ఉన్న చోట పాలు, పెరుగు, వెన్న, చీజ్ ఏదీ ఉండకూడదు. వాళ్ళ ఇళ్ళలో పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. కాఫీలోకి పాలు కాని తెల్లపొడి ఒకటి ఇచ్చాడు. రుచి గురించి మాట్లాడుకోవద్దు. కానీ ఆ గిన్నెల మాట వినగానే నాకు మా నాయనమ్మ కళ్ళ ముందు నిలబడింది. ఆవకాయ జాడీ మీద చెయ్యి పడితే చాలు, వీధి చివరి దాకా వినపడేలా అరిచే మనిషి. ఆవిడా ఈయనా ఒకరినొకరు చూసుకుంటే భాష అక్కర్లేకుండా గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు అనిపించింది.

మా రూమ్మేట్ ఒకడు గుంటూరు వాడు. వాడు కోడి, మేక ఏదైనా తింటాడు, గొడ్డుమాంసం ముట్టడు. వాడి కోసం టర్కీ శాండ్‌విచ్. మొదటి రోజే "దాని మీద కాస్త చీజ్ వెయ్యండి" అన్నాడు. పక్క బల్ల మీద సూప్ తాగుతున్న ఇద్దరు ముసలమ్మలు చెంచాలు కింద పెట్టేసి వాడి వైపు చూశారు.

*

నేను శాకాహారినని చెప్పినప్పుడు ముసలాయన 'అయ్యో' అనలేదు, వెక్కిరించనూ లేదు. ముందు వివరాలు కనుక్కున్నాడు. గుడ్డు? తింటాను, అమెరికా వచ్చాక మొదలుపెట్టాను. చేప? వద్దు. ఎముకల రసం? అస్సలు వద్దు. డాక్టరు రోగిని అడిగినట్టు అడిగి, నా మెనూ ఆయనే తేల్చేశాడు. కూరగాయల సూప్ నీకు పనికిరాదు, అందులో ఎముకలు వేస్తాం. కాషా అని గింజలతో చేసేది పనికిరాదు, కోడికొవ్వులో వేయిస్తాం. బంగాళదుంప క్నిష్ తినొచ్చు. కోల్‌స్లా, క్యాబేజీ ఊరగాయ, పికిల్, రై బ్రెడ్, ఆవ తినొచ్చు.

క్నిష్ అంటే మరేం లేదు, మెత్తగా చిదిమిన బంగాళదుంప కూరని పిండి పొరలో చుట్టి కాల్చేది. గుప్పెడంత ఉంటుంది, లోపల వేడి తెలియకుండా కొరికితే నాలుక కాలుతుంది. కర్రీపఫ్‌కి పెద్దనాన్న అనుకోవచ్చు.

ఆవ దగ్గర మాత్రం నేను దొరికిపోయాను. వాళ్ళు వాడేది ముదురు రంగు ఆవముద్ద, ముక్కుకి ఎక్కే రకం. సోంపులాంటి గింజలు వేసిన ఆ రై బ్రెడ్ మీద దాన్ని పట్టించి తింటే నాకు ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నట్టే అనిపించింది. గోదావరి వాళ్ళకి చెబితే అర్థమవుతుంది. రెండు బ్రెడ్ ముక్కలు, మధ్యలో ఆవ, క్యాబేజీ ఊరగాయ, అంతే. అది నా శాండ్‌విచ్. దానికి పేరేం పెట్టాలని కౌంటర్ దగ్గర పెద్ద చర్చ జరిగింది. మాంసం కోసే ఆయన ప్యూర్టోరికో నుంచి చిన్నతనంలోనే వచ్చిన మనిషి, యూదు కాదు, కానీ ముసలాయన కంటే ఎక్కువగా యూదుల యిడ్డిష్ భాష మాటలు వాడేవాడు. ఆయన తేల్చాడు: 'ఖాళీ పిస్టల్'. ఆ తర్వాత నేను తలుపు తోస్తే చాలు, "ఖాళీ పిస్టల్ ఒకటీ!" అని కేక వినపడేది.

ఆ మనిషి కత్తి పని చూడటానికే కొందరు కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళు. ఆవిరి పెట్టెలోంచి పొడవాటి ఫోర్కుతో మాంసాన్ని చెక్క మీదకి తీసేవాడు. పైన నల్లటి మసాలా పెచ్చు. కత్తిని ఇనప కడ్డీ మీద అటూ ఇటూ రెండుసార్లు సర్రున గీసి, నార ఎటు పోతుందో చూసి, దానికి అడ్డంగా కోసేవాడు. మిషన్ మీద సలామీ కోసేటప్పుడు వచ్చే జుయ్యిమనే చప్పుడు వేరు, ఈ చప్పుడు వేరు. ఇది అసలు చప్పుడే కాదు. చెక్క మీద కత్తి ఆగినప్పుడు మాత్రం 'టక్' అనేది. మాంసం తినని నాకు ఇంత వివరం ఎందుకంటే, నా క్నిష్ వేడెక్కే పది నిమిషాలూ చూడటానికి అక్కడ ఇంకేం ఉండేది కాదు మరి.

ఇంకో మాట చెప్పాలి. నేను తింటూ కాస్త ఆగితే చాలు, ముసలాయన వచ్చి "ఎస్, ఎస్" అనేవాడు. దేనికి అవునంటున్నాడో తెలియక నేనూ "ఎస్" అని తలూపేవాణ్ణి. రెండు నెలల తర్వాత తెలిసింది, యిడ్డిష్‌లో 'ఎస్' అంటే 'తిను' అని. అన్నాళ్ళూ ఆయన నన్ను తినమంటుంటే నేను ఆయన్ని తినమన్నానన్న మాట.

*

పికిల్ సంగతి విడిగా చెప్పాలి.

గల్లా పక్కనే రెండు పెద్ద ప్లాస్టిక్ పీపాలు. ఒకదాంట్లో 'హాఫ్ సోర్', ఇంకోదాంట్లో 'ఫుల్ సోర్'. దోసకాయల్లో చిన్నవి, బొడిపెలున్నవి, ఉప్పునీళ్ళలో వేసి, చితక్కొట్టిన వెల్లుల్లి, సోయకూర కాడలు, ధనియాలు, మిరియాలు, ఆవాలు, బిర్యానీ ఆకులాంటి ఆకు పడేస్తారు. వెనిగర్ చుక్క వెయ్యరు, పులుపు దానంతట అదే పుడుతుంది. కొద్ది రోజులకే తీస్తే ఇంకా పచ్చగా, కరకరలాడుతూ, సగం కాయ సగం ఊరగాయలా ఉంటుంది. వారాలు వదిలేస్తే రంగు మాగి, పులుపు చెవుల దాకా ఎక్కుతుంది. మనకి నూనె, కారం లేనిదే అది ఊరగాయే కాదు కదా. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఉప్పులో ఊరిన ఉసిరికాయ తిన్నవాడికి అలవాటు పడటానికి ఎంతసేపు?

ప్రతి బల్ల మీదా ఒక గిన్నె పికిల్ ఊరికే పెట్టేవాళ్ళు. అయిపోతే మళ్ళీ పెట్టేవాళ్ళు. నెలాఖరున మా నలుగురికీ అదే ముఖ్య ఆకర్షణ అని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

దానితో పాటు ఆకుపచ్చ డబ్బాలో ఒక సోడా ఉండేది, డాక్టర్ బ్రౌన్స్ సెల్‌రే. సెలెరీ గింజల రుచితో సోడా ఏమిటని అందరూ మొహం చిట్లించేవాళ్ళు. నాకు అచ్చం వాము వేసిన గోళీసోడాలా ఉండేది. ఇండియా నుంచి వచ్చినవాడు మొదటి గుక్కకే మెచ్చుకున్నాడని ముసలాయన చాలా రోజులు వచ్చినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు.

సరుకులు కొనేటప్పుడు పొట్లం మీద వలయంలో 'యు' అక్షరం చూడమని నేర్పింది కూడా ఆయనే. అది కోషర్ గుర్తు. పక్కన 'డి' ఉంటే పాలు ఉన్నట్టు. 'పరేవ్' అని ఉంటే మాంసమూ లేదు, పాలూ లేవు. అప్పటిదాకా మేం బిస్కట్ పొట్లం వెనకాల చిన్న అక్షరాలన్నీ పరీక్ష పేపర్లా చదివేవాళ్ళం. "కానీ గుర్తుపెట్టుకో, పరేవ్ అంటే నీ శాకాహారం కాదు. గుడ్డూ పరేవే, చేపా పరేవే" అని హెచ్చరించాడు. మా వాళ్ళకి ఈ రెండో ముక్క ఎవరూ చెప్పలేదు. ఎంతమంది పరేవ్ అని నమ్మి ఏమేం తినేశారో ఆ వెంకన్నకే తెలియాలి.

*

ఆయన తండ్రి రుమేనియా నుంచి వచ్చాడట. పాస్ట్రామీ కూడా అక్కడిదే, అక్కడ పెద్దబాతు మాంసంతో చేసేవాళ్ళని, అమెరికా వచ్చాక గొడ్డుమాంసం చవకని దానికి మారారని చెప్పేవాడు. 1930లలో న్యూయార్క్‌లో 1,500కి పైగా కోషర్ డెలీలు ఉండేవి. మా కాలానికే అవి వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితికి వచ్చాయి.

నియమాల్లో ఆయనది ఒక పద్ధతి. కొట్టు కోషర్, గోడ మీద రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, ఇచ్చిన సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉండేది. కానీ శనివారం కూడా తెరిచేవాడు. అందుకని బాగా నిష్ఠగా ఉండేవాళ్ళు ఆ గడప తొక్కేవాళ్ళు కాదు. ఆయనేమో మాన్‌హాటన్‌లో 1888 నుంచి ఉన్న కాట్జెస్‌ని వెక్కిరించేవాడు, "అక్కడ మాంసం మీద చీజ్ వేస్తారు!" అని. నేనూ మావాళ్ళూ ఒకసారి కాట్జెస్ చూడబోతుంటే మాత్రం, "లోపలికి వెళ్ళగానే చేతికి టికెట్ ఇస్తారు, ప్రాణం పోయినా దాన్ని పోగొట్టుకోకండి, 50 డాలర్లు గుంజుతారు" అని పది జాగ్రత్తలు చెప్పి పంపాడు. మడిలో మెట్లుంటాయి. పై మెట్టువాడు మనల్ని చూస్తాడు, మనం కింద మెట్టువాణ్ణి చూస్తాం. అమలాపురంలోనూ అంతే.

పాస్‌ఓవర్ పండగకి ఎనిమిది రోజులు కొట్టు మూసేవాడు. ఆ రోజుల్లో పులిసిన పిండితో చేసినదేదీ వాళ్ళ సొత్తుగా ఉండకూడదు. అందుకని రబ్బీ ద్వారా దాన్నంతా యూదు కానివాడికి కాగితం రాసి అమ్మేసి, పండగ అయ్యాక తిరిగి కొనుక్కుంటారు. "ఈ ఏడు నీకే అమ్మిస్తాను, న్యూయార్క్‌లో వ్యాపారం ఉందని మీ ఊళ్ళో చెప్పుకో, కట్నం పెరుగుతుంది" అనేవాడు. కట్నం మాట ఆయనకి చెప్పింది ఎవరో కాదు, మా గుంటూరు వాడే.

1999 డిసెంబరు వచ్చేసరికి నన్ను విడిగా పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు, "మీరంతా దీనికోసమే వచ్చారు కదా, నిజం చెప్పు. ఆ రాత్రి నా సలామీ మిషన్ ఆగిపోతుందా?" దానికి తేదీ తెలియదు కాబట్టి భయం లేదన్నాను. నమ్మలేదు. జనవరి 1న వెళ్తే మిషన్ ఆన్ చేసి, ఒక ముక్క కోసి చూపించి, అదేదో నా ప్రతాపం అన్నట్టు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మూడేళ్ళ ఉద్యోగంలో నా పనికి దక్కిన మెప్పు అదొక్కటే.

*

సెకండ్ ఎవెన్యూ డెలీ పెట్టిన ఏబ్ లెబెవోల్ ఫొటో, పేపర్లోంచి కత్తిరించినది, గల్లా వెనక గోడకి అంటించి ఉండేది. యూరప్‌లో యుద్ధం దాటుకుని వచ్చిన మనిషి, 1954లో కొట్టు పెట్టాడు. 1996 మార్చిలో బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళ్తే ఎవరో కాల్చి చంపేశారు. హంతకుడు దొరకలేదు. అప్పటి నుంచీ మా ముసలాయన బ్యాంకుకి ఒంటరిగా వెళ్ళేవాడు కాదు. నేను ఖాళీగా ఉన్న పూట నన్ను తోడు రమ్మనేవాడు. నేను చూస్తే అరవై కిలోలు లేను. "నువ్వు కొట్టక్కర్లేదు, పరిగెత్తి ఎవరినన్నా పిలిస్తే చాలు" అనేవాడు.

క్వీన్స్ బులెవార్డ్ దాటడమంటే మాటలు కాదు. కొన్ని చోట్ల పన్నెండు వరసల బండ్లు వెళ్ళే రోడ్డది, దాటబోయి ఎంతమంది పోయారో, పేపర్లవాళ్ళు దానికి 'చావుల బులెవార్డ్' అనే పేరు పెట్టారు. సగం దాటేసరికి సిగ్నల్ మారిపోయేది. మధ్యలో దిబ్బ మీద నిలబడి మళ్ళీ పచ్చలైటు కోసం చూసే ఆ రెండు నిమిషాల్లోనే ఆయన సొంత విషయాలు మాట్లాడేవాడు. కొడుకు పళ్ళ డాక్టరు, కూతురు లాయరు, కొట్టు ఇద్దరికీ అక్కర్లేదు. "వాళ్ళకి అక్కర్లేకుండా ఉండాలనే కదా ఇంత చేసింది" అనేవాడు, అటు తిరిగి.

2001 చివర్లో నా ప్రాజెక్టు పోయింది. నన్ను తీసుకొచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఆపేశారు. ఫోన్ చేస్తే 'రేపు, ఎల్లుండి'. ఇంటికి చెబితే అమ్మకి టెన్షన్. మూడు నెలలు. కొట్టుకి వెళ్ళడం మానేశాను. ఒకరోజు ఫుట్‌పాత్ మీద పట్టుకుని "నూ?" అన్నాడు. మన 'ఊఁ?' లాంటిదే అది, నీ సంగతంతా చెప్పమని అర్థం. చెప్పాను. లోపలికి తీసుకెళ్ళి క్నిష్ పెట్టించాడు. "బాకీలు రాయడానికి నా దగ్గర పుస్తకం లేదు. లెక్క నువ్వే పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. ఉద్యోగం దొరికి మొదటి జీతం రాగానే వెళ్ళి, ముప్ఫై ఒకటి అన్నాను. ముప్ఫై అన్నాడు. కాదు ముప్ఫై ఒకటి అన్నాను. "ఒకటి మాడిపోయింది, దానికి డబ్బు తీసుకుంటే పాపం" అన్నాడు. కౌంటర్ దగ్గర పావుగంట బేరం, అటుదిటుగా. ప్యూర్టోరికో ఆయన విసుగొచ్చి నా చేతిలోంచి నోట్లు లాక్కుని గల్లాలో వేసేశాడు.

*

2002 వేసవిలో అమ్మ వచ్చింది. సామాన్లో సగం ఆవకాయ, మాగాయ, కందిపొడి. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణపతి గుడికి తీసుకెళ్ళాను, అక్కడ క్యాంటీన్‌లో దోసె మాత్రం తింది. ఇంకెక్కడా పచ్చి మంచినీళ్ళు ముట్టనంది. నేను రోజూ చెప్పే కొట్టు చూపించాలి కదా. "నువ్వేం తినక్కర్లేదమ్మా, ఊరికే కూర్చో" అని బతిమాలి తీసుకెళ్ళాను. సలామీలు చూసి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తలుపు దగ్గర బల్ల అంచున కూర్చుంది.

ముసలాయన వచ్చాడు. ఏం తీసుకుంటారని అడగలేదు. అమ్మని, కొంగుని, గ్లాసు వైపు కూడా చాపని చేతుల్ని చూశాడు. నన్ను పక్కకి పిలిచి, "మాంసం వండిన చోట తినరు కదా?" అన్నాడు. అవునన్నాను. "గిన్నెలు కూడా?" అవునన్నాను. వెనక్కి వెళ్ళాడు. చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ వేసుకుని, సీలు విప్పని కాగితం పళ్ళేల కట్ట, ప్లాస్టిక్ కవర్లోనే ఉన్న చాకు, కొయ్యని పియర్ పండు ఒకటి, మూత తియ్యని నీళ్ళ సీసా తెచ్చాడు. ఏదీ ఆయన విప్పలేదు. పళ్ళెం కట్ట అమ్మ ముందు పెట్టి, పైది కాకుండా రెండోది తీసుకోమని వేలితో చూపించాడు. "మావాళ్ళు కోషర్ లేని చోటికి వెళ్ళాల్సి వస్తే ఇలాగే తింటారు. కొయ్యని పండుకి దోషం లేదు" అని నాకు చెప్పాడు.

అమ్మ కొంగు దించింది. పండు తనే కడుక్కుని, తనే కోసుకుని, నాలుగు ముక్కలు తింది. దారిలో అంది, "ఈయనకి మడి తెలుసురా!"

మర్నాడు ఒక సీసా ఆవకాయ నా చేతికిచ్చి పంపింది. అక్కడ కొత్త చిక్కు. సర్టిఫికెట్ లేని తిండి ఆ కొట్లోకి రాకూడదు. ముసలాయన గుమ్మం బయటే నన్ను ఆపి, సీసాని కవర్లో చుట్టి, కారు డిక్కీలో పెట్టుకున్నాడు. "కొట్టు కోషర్ గానీ, నేను మరీ అంత కాదు" అని కన్నుగీటాడు. రెండు రోజుల తర్వాత నేను తలుపు తియ్యగానే గల్లా దగ్గర నుంచే అరిచాడు, "ఇది ఆవ! మీరు మామిడికాయని ఆవలో ఊరబెట్టారు!" కనిపెట్టింది తనే అయినట్టు. ఇంట్లో హాట్‌డాగ్ మీద వేసుకు తిన్నాడట. ఆవకాయ చరిత్రలో అలాంటి గతి దానికి ఎప్పుడూ పట్టి ఉండదు. "మీ అమ్మకి చెప్పు, అద్భుతం. కారం మాత్రం సగం చెయ్యమను, పొద్దున్న నాకు ప్రాణం పోయింది."

అమ్మకి చెప్పాను. చాలాసేపు నవ్వింది. కారం తగ్గిస్తే నిలవుండదు కదరా, అని మళ్ళీ ఆలోచనలో పడింది.

*

2003 ఆగస్టులో కరెంటు పోయిన రోజు. సాయంత్రం నాలుగు దాటిందో లేదో న్యూయార్క్ అంతా, చుట్టుపక్కల రాష్ట్రాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. సబ్‌వే లేదు. వేలమందితో కలిసి క్వీన్స్‌బరో బ్రిడ్జి నడిచి దాటాను. బ్రిడ్జి దిగితే క్వీన్స్ బులెవార్డే, ఇంక తిన్నగా నడవడమే. ఆఫీసు బూట్లు. తొమ్మిదవుతుండగా మా పేటకి చేరాను. వీధంతా చీకటి, కొట్టు ముందు మాత్రం వెలుగు. ముసలాయన తన స్టేషన్ వాగన్‌ని ఫుట్‌పాత్ మీదకి ఎక్కించి, హెడ్‌లైట్లు లోపలికి పడేలా నిలబెట్టాడు. గ్యాస్ పొయ్యి కాబట్టి ఆవిరి పెట్టె నడుస్తోంది. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పొద్దుటికి పాడైపోతుందని, నడిచి వస్తున్నవాళ్ళకి శాండ్‌విచ్‌లు కట్టి ఊరికే ఇచ్చేస్తున్నారు. ప్యూర్టోరికో ఆయన నీడ గోడ మీద నిలువెత్తున కత్తి ఆడిస్తోంది. నన్ను చూసి "ఖాళీ పిస్టల్!" అని కేక. చెమటకి ఒంట్లో ఉప్పంతా పోయి ఉందేమో, ఆ రాత్రి తిన్న హాఫ్ సోర్ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. క్వీన్స్ మీద అన్ని చుక్కలు నేను మళ్ళీ చూడలేదు.

ఆ మరుసటేడు హైదరాబాద్ వచ్చేశాను.

*

అప్పటికే పేట మారుతోంది. సోవియట్ యూనియన్ కూలాక ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్‌ల నుంచి బుఖారా యూదులు వేల సంఖ్యలో వచ్చి ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. వాళ్ళ కొట్లలో తందూరు రొట్టె, పులావు, కబాబులు. అవీ కోషరే, కానీ పాస్ట్రామీ మీద వాళ్ళకి మోజు లేదు. నాకు జుట్టు కత్తిరించే బుఖారా ఆయనకి నా భాష రాదు, నాకు ఆయన భాష రాదు, 'ఇండియా' అనగానే "రాజ్‌కపూర్!" అని గుండె మీద చెయ్యేసుకునేవాడు. ముసలాయన పాత ఖాతాదార్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. "నా వాళ్ళు వెళ్ళేవి రెండే చోట్లు, ఒకటి ఫ్లోరిడా" అనేవాడు. రెండోది చెప్పేవాడు కాదు.

కొట్టు మూసేశారని, ఆయన కూడా ఫ్లోరిడా వెళ్ళిపోయాడని గుంటూరు మిత్రుడు చెప్పాడు. 2019లో ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు, సాయంత్రం ఖాళీ చేసుకుని R రైలెక్కి అక్కడ దిగాను. మా కొట్టు ఉన్న చోట మొబైల్ ఫోన్ల షాపు. అదే బులెవార్డ్ మీద 1945 నుంచి నడిచిన బెన్స్ బెస్ట్ డెలీ కూడా అంతకు ముందటేడే మూతపడింది. మాన్‌హాటన్‌లో కార్నెగీ డెలీ 2016తోనే సరి. ఫోన్ల షాపులో కుర్రాడు ఏం కావాలన్నాడు. కవర్ ఒకటి కొన్నాను, నా ఫోనుకి పట్టలేదు.

ఈ కొట్టు మూత సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అడిగినప్పుడల్లా మాట దాటేశాను, అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ ఆదివారం చారుపొడి అయ్యాక అదే వంటింట్లో అమ్మ ఆవకాయ కలిపింది. ఈమధ్య కూర్చునే కలుపుతోంది, నడుం వంగట్లేదు. జాడీ నిండాక అడుగున మిగిలిన ముక్కలు విడిగా ఒక గిన్నెలోకి తీసి, అందులో ఇంకాస్త ఆవపిండి, ఇంకాస్త నూనె వేసి, కారం డబ్బా మాత్రం పక్కకి జరిపేసింది. చిన్న హార్లిక్స్ సీసా కడిగి, ఎండబెట్టి, అందులోకి ఎత్తి, మూత బిగించింది.

"అది ఎవరికత్తయ్యా?" అంది మా ఆవిడ.

"వీడికి తెలుసులే" అంది అమ్మ.